పుటల అమరిక – మడత లెక్క

పుస్తకములో పుటలు వరుసగా ఉండును. అచ్చుయంత్రములో మాత్రము ఒకటవ పుట ప్రక్కన పదునారవ పుట నిలుచును. సగము పుటలు తలక్రిందులుగా నుండును. ఇది పొరపాటు కాదు, మడతకు తగిన లెక్క.

ఒక కాగితమును సగమునకు మడిచి, ప్రతిసారి దిక్కు మార్చి, మరి రెండుమార్లు మడిచినచో 8 ఆకులు, అనగా 16 పుటలు ఏర్పడును. దీనిని అచ్చువారు ఫారము అందురు. అంచులు కోయకుండ, మూలల నెత్తి వరుసగా సంఖ్యలు వేసి విప్పి చూడుడు. ఒకవైపున 1, 4, 5, 8, 9, 12, 13, 16 కనిపించును. తక్కినవి రెండవవైపున నుండును. వెన్నుమడతకు ఇరుప్రక్కల నున్న సంఖ్యలను కూడిన ఎల్లప్పుడు 17 వచ్చును. 32 పుటల ఫారములో 33 వచ్చును.

వెబ్ ఆఫ్‌సెట్ యంత్రములో కాగితము చుట్టనుండి పరుగెత్తుచు రెండువైపుల అచ్చుపడును. ముక్కోణపు పలకపై జారునపుడు నిలువుగా మొదటి మడత పడును. పిదప కాగితము తెగి, సిలిండర్ల నడుమ అడ్డముగా రెండవ మడత పడును. మొద్దుకత్తి దానిని రెండు రోలర్ల నడుమకు నెట్టగా మూడవది పడును. ఈ వేగములో ప్లేటుపై ఒక్క పుట స్థానము తప్పినను, కనుగొనులోపల వేల ప్రతులు చెడవచ్చును. అందుచే ముందుగానే ఉత్త కాగితముతో నమూనా మడిచి సరిచూతురు.

కాగితపు మందమును కూడ లెక్కించవలెను. మడతలో లోపలి ఆకులు కొంచెము ముందుకు పొడుచుకొని వచ్చును. అంచు కోసినపుడు వాని మార్జిను తగ్గును. కనుక ఆ పుటలను వెన్నువైపునకు ఇంచుక జరిపి అమర్చుదురు.

కుట్టిన పుస్తకపు వెన్నును పైనుండి చూచినచో ఈ ఫారములు గుత్తులు గుత్తులుగా కనిపించును.