పొరుగింటి సొరకాయ

ఆ రోజు మా మదరసాలో సహీహ్ బుఖారీ నుంచి ‘కితాబుల్ హిబా’, అంటే కానుకల అధ్యాయం పాఠం మొదలైంది. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు ఆ అధ్యాయానికి ఆరంభం. అందులో దైవప్రవక్త (స) ముస్లిం స్త్రీలను ఉద్దేశించి, పొరుగింటి ఆవిడ పంపిన కానుక గొర్రె గిట్ట అయినా సరే, దానిని చిన్నచూపు చూడవద్దని బోధించారు. గిట్టలో మాంసం ఎంత ఉంటుంది? దాదాపు ఏమీ ఉండదు. అయినా దైవప్రవక్త (స) దానినే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నారో విద్యార్థులకు గంటసేపు వివరించాను. వారు శ్రద్ధగా రాసుకున్నారు.

మధ్యాహ్నం ఇంటికి చేరాను. గుమ్మం పక్కన చెత్తబుట్టలో సగం కుళ్లిన సొరకాయ కనిపించింది.

అది మా పొరుగింటి అవ్వ వారం క్రితం తెచ్చిచ్చిన కాయ. మా ఇల్లు శామీర్‌పేట నుంచి మేడ్చల్ వెళ్లే దారికి దగ్గరలో ఉంది. అవ్వది వ్యవసాయ కుటుంబం. ఉన్న పొలం ఏనాడో ప్లాట్లుగా మారిపోయింది. ఇప్పుడు మిగిలింది ఇంటి వెనుక చిన్న పెరడు మాత్రమే. ఆ పెరట్లో సొర, చిక్కుడు, కాసింత పుంటికూర పండిస్తుంది. ఏది కాసినా మొదట మా గడపకే వచ్చేది. ఆ వారం ఆమె మూడవసారి సొరకాయ ఇచ్చినప్పుడు, “మళ్లీ కద్దూయేనా?” అని విసుక్కున్నది ఇంట్లో మరెవరో కాదు, నేనే. పెద్దవాడినైన నేను ఆ మాట అన్న తరువాత దానిని ఎవరు వండుతారు?

దైవప్రవక్త (స) ఎన్నడూ ఆహారానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే మౌనంగా వదిలేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఈ హదీసును కూడా నేను ఎన్నోసార్లు బోధించాను.

మరుసటి ఉదయం చెత్తబండి వచ్చింది. మా బుట్టను బండిలో కుమ్మరిస్తున్నప్పుడు అవ్వ తన వాకిట్లో నిలబడి ఉంది. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆ తరువాత మూడు వారాలు గడిచాయి. రేకుల మీద తీగ నిండా కాయలు వేలాడుతున్నాయి. మా ఇంటికి మాత్రం ఒక్క కాయ రాలేదు.

బుఖారీలోని ఆ అధ్యాయంలో గిట్ట హదీసు వెంటనే హజ్రత్ ఆయిషా (రజి) మాటలు వస్తాయి. ఆమె తన సోదరి కుమారుడు ఉర్వాకు పాత రోజులను వివరిస్తారు. రెండు నెలల వ్యవధిలో మూడు నెలవంకలు కనిపించినా దైవప్రవక్త (స) ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు. మరి ఎలా బతికేవారని ఉర్వా అడిగితే, ఖర్జూరాలు, నీళ్లతో అని ఆమె చెప్పారు. అయితే పొరుగున ఉన్న అన్సారులలో కొందరికి పాడి పశువులు ఉండేవి. వారు పాలు పంపేవారు. దైవప్రవక్త (స) ఆ పాలను తమ ఇంటివారికి తాగించేవారు.

ఈ రెండు హదీసులు పక్కపక్కనే ఉండటాన్ని గమనించండి. పొరుగువారి కానుకను చులకన చేయవద్దని బోధించిన ఆ మహనీయుని ఇల్లే పొరుగువారి పాడితో గడిచిన రోజులు ఉన్నాయి. ఆ వెంటనే వచ్చే మూడవ హదీసులో, తమకు ఎవరైనా గొర్రె కాలో, గిట్టో కానుకగా ఇచ్చినా స్వీకరిస్తామని ఆయన స్వయంగా తెలిపారు. అంటే ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడం కూడా ఒక సత్కార్యమే. కొద్దిగా ఉన్నది ఇవ్వడానికి సిగ్గుపడితే ఇచ్చే చేయి ఆగిపోతుంది. కొద్దిగా వచ్చినదాన్ని చులకన చేస్తే అవతలి ఇంటి చేయి ఆగిపోతుంది.

ఇక సొరకాయ సంగతి. ఒక దర్జీ దైవప్రవక్త (స)ను భోజనానికి పిలిచి యవల రొట్టె, సొరకాయ ముక్కలు, ఎండబెట్టిన మాంసం వేసిన పులుసు వడ్డించాడు. ఆయన గిన్నె అంచుల వెంట సొరకాయ ముక్కలను వెదికి తినడం హజ్రత్ అనస్ (రజి) చూశారు. ఆ రోజు నుంచి తనకు సొరకాయ అంటే ప్రీతి కలిగిందని ఆయన చెప్పుకున్నారు. దైవప్రవక్త (స) ఇష్టంగా వెదికి తిన్న కూరను నేను చెత్తబుట్టకు పంపాను.

ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు ద్రాక్షతోటలకు పేరుపొందాయి. ‘అనాబ్-ఎ-షాహీ’, అంటే రాచద్రాక్ష, ఇక్కడి పందిళ్లకు వేలాడేది. బోర్లు ఎండిపోయాయి, భూమి ధరలు పెరిగాయి, తోటలు వెంచర్లయ్యాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వచ్చింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్ పేరుతో జిల్లా కూడా ఏర్పడింది. ఈ మార్పుల వల్ల మన పిల్లలకు చదువులు, ఉద్యోగాలు దగ్గరయ్యాయి. దానికి కృతజ్ఞత చెప్పుకోవాలి. కానీ నేడు ఫోనులో వేలు నొక్కితే కూరగాయలు గుమ్మం ముందుకు వస్తున్నాయి. వాటిని ఎవరు పండించారో తెలియదు, తెచ్చిన యువకుని ముఖం కూడా మనం చూడము. పొరుగింటి సొరకాయ అలా రాదు. విత్తనం నాటిన చేయి, నీళ్లు పోసిన చేయి, తెంపి తెచ్చిన చేయి ఒక్కటే. దాని వెల సంతలో ముప్పై రూపాయలు కావచ్చు. దానితో వచ్చే పలకరింపు ఏ సంతలోనూ దొరకదు.

ముస్లిం ఏదైనా మొక్క నాటితే, దాని నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని పాలిట దానమవుతుందని హదీసు. మేడమీద పాత బకెట్లో పుదీనా పెంచినా ఈ శుభవార్త వర్తిస్తుంది. ఇంట్లోని చిన్న సుఖాలు కూడా ఇటువంటివే. మే నెల ఎండలో రంజన్ నీళ్లు, ఫజ్ర్ తరువాత వేపచెట్టు గాలి, పోయిన కరెంటు తిరిగి రావడం, వాన రోజున వేడివేడి ఖట్టీ దాల్. ఒకనాడు దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ముగ్గురూ ఆకలితో ఇంటి నుంచి బయటికి వచ్చారు. ఒక అన్సారీ సహచరుడు వారికి ఖర్జూరాలు, మాంసం, చల్లని నీళ్లు ఇచ్చి సత్కరించాడు. కడుపు నిండాక దైవప్రవక్త (స), ఈ అనుగ్రహాల గురించి ప్రళయదినాన ప్రశ్నించబడతారని వారికి గుర్తుచేశారు. ఆకలిగొన్నవారు తిన్న ఆ పూట భోజనానికే లెక్క ఉంటే, ఫ్రిజ్‌లో కుళ్లబెట్టినదానికి మనం ఏ లెక్క చెబుతాము?

చివరికి నా శ్రీమతే, “పాఠాలు తరువాత చెప్పవచ్చు, ముందు వెళ్లి అవ్వతో మాట్లాడండి” అన్నది. అస్ర్ నమాజు తరువాత వెళ్లాను. నొచ్చుకొని ఇవ్వడం మానేసిందని అనుకున్నాను. అవ్వ చెప్పిన కారణం వేరు.

“కాయ చేదొచ్చిందేమో సాబూ, గందుకే పారేసిండ్రనుకున్న. చేదు కాయ తింటే పానం ఖరాబైతది. పిల్లలకేమన్న అయితదని అప్పటిసంది ఎవ్వలకియ్యలే.”

ఎవ్వరికీ ఇవ్వలేదు! నా విసుగు మా గడప దగ్గరే ఆగలేదు. మా వీధిలో ఇంకో నాలుగు ఇళ్లకు చేరే కాయలు మూడు వారాలుగా తీగమీదే ముదిరిపోయాయి. పైగా ఆ తల్లి తప్పంతా తన తీగదే అనుకుంది.

“చేదు లేదు అవ్వా. మేమే వండుకోలేదు. తప్పు మాది, మన్నించు” అన్నాను.

ఆమె నవ్వింది. “గంతేనా? అయితే రెండు కాయలు తెంపుకపోండ్రి” అన్నది.

ఆ రాత్రి మా ఇంట్లో ఒక కాయ కూర అయింది, మరొకటి కద్దూ కీ ఖీర్ అయింది. ఖీర్ మొదటి గిన్నెను మా చిన్నమ్మాయి అవ్వకు ఇచ్చి వచ్చింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో గొర్రెను కోసినప్పుడు, మన యూద పొరుగువానికి పంపారా అని ఆయన పదేపదే అడిగిన సంగతి ఆ పాపకు చెప్పాను. పొరుగు హక్కుకు మతం అడ్డు కాదు.

సోదరీ సోదరులారా! ఇంటికి వచ్చిన కానుకను నవ్వుతూ అందుకోండి. వీలైతే ఆ రోజే వండండి. మిగిలేలా ఉంటే చెడిపోకముందే మరో ఇంటికి పంపండి. రుచి ఎలా ఉందో ఇచ్చినవారికి తప్పక చెప్పండి. వారి గిన్నెను ఖాళీగా తిప్పి పంపకండి, అందులో నాలుగు కరివేపాకు రెమ్మలైనా వేయండి. ఇద్దరు పొరుగువారిలో ఎవరికి ముందు ఇవ్వాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగితే, ఎవరి తలుపు దగ్గరైతే వారికని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. మీ ఇంటికి అతి దగ్గరి తలుపు ఎవరిది? ఆ తలుపు తట్టి ఎన్నాళ్లయింది?

కొద్దిపాటి అనుగ్రహాన్ని గుర్తించే కళ్లను, దానిని పంచుకునే చేతులను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.