ఆంగ్లమున విశేషణ, క్రియావిశేషణ భేదము

ఆంగ్ల వ్యాకరణమున నామమును విశేషించు పదము 'అడ్జెక్టివ్'. క్రియను, విశేషణమును, మరియొక క్రియావిశేషణమును విశేషించునది 'అడ్వర్బ్'. పదాంతమున 'లీ' చేరినచో క్రియావిశేషణమగునను సూత్రము ప్రాయికము మాత్రమే. 'ఫ్రెండ్లీ' విశేషణము, 'ఫాస్ట్' ఉభయవిధము. 'వర్క్ హార్డ్' అనగా కష్టపడి పనిచేయుట. 'హార్డ్లీ వర్క్' అనగా దాదాపు పనిచేయకుండుట. కావున రూపముకంటె అన్వయమే ప్రధానము.

తెలుగు విద్యార్థికి అసలు చిక్కు వేరొకచోట కలదు. 'ఆమె మధురముగా పాడినది', 'ఆమె సంతోషముగా కనబడినది' అను వాక్యములు రెండింటను 'గా' యే కలదు. అందుచే రెండవదానిని 'షి లుక్డ్ హ్యాపిలీ' అని అనువదించుట తరచు కానవచ్చు దోషము. 'షి లుక్డ్ హ్యాపీ' అనునదే సాధువు. ఏలయన సంతోషము కనబడుట యను క్రియకు గాక ఆమెకే చెందును. అదే క్రియ 'చూచుట' యను అర్థమున వచ్చినచో 'షి లుక్డ్ కేర్‌ఫుల్లీ' అని క్రియావిశేషణమే యుక్తము.

ఇచట సంస్కృతజ్ఞానము తోడ్పడును. 'సా మధురం గాయతి' అనుచో 'మధురం' నపుంసకలింగ ద్వితీయైకవచనము. 'సా' కు బదులు 'సః' అన్నను మారదు. 'సా ప్రసన్నా దృశ్యతే' అనుచో 'ప్రసన్నా' అనునది 'సా' తో లింగవచనవిభక్తులందు ఏకీభవించును; 'సః' అన్నచో 'ప్రసన్నః' అగును. ఆంగ్ల విశేషణమునకు లింగవచనభేదము లేకున్నను ఇచటి అన్వయము ఇట్టిదే. సందేహము కలిగినపుడు ఇట్టి వాక్యమును సంస్కృతమున ఊహించి చూడవలెను. నామము ననుసరించి పదము మారినచో ఆంగ్లమున విశేషణమును, మారనిచో క్రియావిశేషణమును ప్రయోగింపవచ్చును.