కాన్సరును బోలిన కంతి

ఊపిరితిత్తిలో కంతి యున్నదని వైద్యులు చెప్పగానే ఇంటిల్లిపాదికిని కాళ్లు చేతులు ఆడవు. కంతి యన్నను కాన్సరన్నను ఒకటే యని చాలమంది తలంతురు. అన్ని కంతులును అట్టివి కావు. విశేషముగా స్త్రీలకే వచ్చునట్టి యొక యరుదైన కంతిని గూర్చి సోదరీమణులకు తెలుపదలచితిమి. దానిని కాన్సరని పొరబడుట నిపుణులకు సైతము సంభవించుచుండును.

దీనిపేరు స్క్లిరోసింగ్ న్యూమోసైటోమా. పేరు కఱకుగా నున్నను కంతి సాధువైనదే. ఇది వచ్చినవారిలో ఇంచుమించు అయిదుగురిలో నలుగురు స్త్రీలు. అందును నడివయస్సువారు హెచ్చు. తూర్పు ఆసియా దేశములలో ఎక్కువగా కానవచ్చినది. పలువురికి బాధయే యుండదు. వేఱొక కారణమున తీయించిన ఎక్సురే పటములో గుండ్రని నీడగా బయటపడును. కొందఱికి దగ్గు, కఫములో నెత్తురుజీర కలుగును. మన దేశములో అట్టి నీడను జూచి మొదట క్షయయేమో యని శంకించుట సహజము.

నీడనుబట్టి కంతి జాతి నిశ్చయింపరాదు. కంతినుండి తునుక దీసి, ఫార్మలిన్‌లో నుంచి, మైనములో బొదిగి, మిల్లీమీటరులో వెయ్యవవంతులు మూడు నాలుగు మాత్రమే మందముగల పొరలుగా కోసి, రంగులద్ది, సూక్ష్మదర్శినితో చూడవలయును. 1956లో అమెరికాలో లీబో, హబ్బెల్ అను వైద్యులు దీనిని వర్ణించినపుడు, అందు నెత్తురు నిండిన గూళ్లు కానరాగా నెత్తుటినాళములలో బుట్టిన కంతియని తలంచి ఆ పేరే పెట్టిరి. ఇది ఊపిరితిత్తి గాలిగదుల పొరకణములనుండి పుట్టినదని పిమ్మట తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇప్పటి పేరు నిలిపినది. పేరు దిద్దుకొనుటకే సుమారు 60 ఏండ్లు పట్టినది!

ఇందలి చిక్కంతయు కణములలో నున్నది. పూర్ణపు బూరెకు తోపు వేఱు, పూర్ణము వేఱు అయినట్లు, ఈ కంతిలో పైపొర కణములొక విధము, లోపలి గుండ్రని కణములు మఱియొక విధము. సూదితో దీసిన తునుకలో పైపొర మాత్రమే వచ్చెనా, అది అడినోకార్సినోమా యను కాన్సరువలెనే తోచును. టీటీఎఫ్-1 అను గుర్తు పట్టించు పరీక్షలో రెండు విధముల కణములును రంగు పట్టును. కాని ఆ కాన్సరు కణములును సాధారణముగా పట్టును గనుక అది యొక్కటి చాలదు. సైటోకెరాటిన్ పరీక్షలో పైపొర స్పష్టముగా రంగెక్కును, గుండ్రని కణములు ఎక్కవు, లేదా లీలగా ఎక్కును. ఆ భేదమే ఆనవాలు.

జన్యుపరీక్షయు తోడ్పడును. ఈ కంతులు పెక్కింటిలో ఏకేటీ1 అను జన్యువున మార్పు కలదని 2016లో వెల్లడియైనది. ఊపిరితిత్తి కాన్సరులో ఆ మార్పు మిక్కిలి యరుదు. పొగత్రాగని ఆసియా స్త్రీల కాన్సరులో తఱుచుగా కనబడునది ఈజీఎఫ్ఆర్ అను జన్యువు మార్పు. అయినను ఏకేటీ1 మార్పులేని సాధుకంతులును కలవు. కావున సూక్ష్మదర్శినిదే పెద్దఱికమని మా యభిప్రాయము.

పొరబడిన నేమగును? శస్త్రచికిత్స నడుమ తునుకను గడ్డకట్టించి ఇరువది నిమిషములలో ఫలితము చెప్పు పద్ధతి కలదు. మంచుచేత కణముల రూపు చెడును, తొందర యొకటి. అపుడు కాన్సరని తలంచినచో ఊపిరితిత్తిలో ఒక తమ్మెనే తీసివేయుదురు. సాధుకంతి యని తెలిసినచో, అనువైన చోట నున్నపుడు, కంతిని కొద్ది చుట్టుభాగముతో తీసిన చాలును. అరుదుగా దగ్గరి గ్రంథులకు ప్రాకినను రోగులు కోలుకొనినట్లే వైద్యులు వ్రాసిరి.

కావున పెద్ద కోతకు సమ్మతించుటకు ముందు, తునుకలో రెండు విధముల కణములను వెదకిరా, ఏ యే రంగుల పరీక్షలు జరిగెను అని యడుగుటకు సంకోచింపవలదు. మైనపు దిమ్మలు ఏండ్లతరబడి నిలుచును. ఆస్పత్రివారి నడిగి ఆ దిమ్మలను, గాజుపలకలను దెచ్చి వేఱొక నిపుణునకు చూపవచ్చును; కాగితముమీది నివేదిక మాత్రమే కొనిపోయిన చాలదు.