బాలింతలూ! బలం మాత్రలు మానకండి, మితిమీరకండి

కాన్పయి పుట్టింట్లో ఉన్నారా? అలమరలో మాత్రలు పేరుకుపోయాయా? "అవి వేడి చేస్తాయి, పాలు తాగే పిల్లకి పడవు, మానెయ్" అంటారు అమ్మమ్మగారు. "నీరసంగా ఉన్నావు, ఇంకో టానిక్ కూడా తాగు" అంటుంది వదిన. ఎవరి మాట వినాలి?

డాక్టరు రాసిన మోతాదులో వేసుకుంటే విటమిన్ మాత్రల వల్ల మీకూ, బిడ్డకూ భయం లేదు. చిక్కంతా మనంతట మనం మానెయ్యడంతోనూ, మనంతట మనం పెంచుకోవడంతోనూ వస్తుంది.

మానకూడనివి

మన దేశంలో ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాల ప్రకారం కాన్పు తరువాత 180 రోజులు రోజుకో ఐరన్ మాత్ర, ఆరు నెలలు రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాముల కాల్షియం వేసుకోవాలి. రెండూ కలిపి మింగకండి. కలిపితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. కాల్షియం భోజనం తరువాత వేసుకోండి. ఐరన్ మాత్రను కాఫీ, టీలతో వేసుకోవద్దు. విరేచనం నల్లగా వచ్చినా, బి-కాంప్లెక్స్ వల్ల మూత్రం పచ్చగా వచ్చినా కంగారు పడకండి.

పథ్యం పేరుతో గంజి వార్చిన అన్నం, కారప్పొడితోనే సరిపెడితే బి విటమిన్లు మీలోనూ, మీ పాలలోనూ తగ్గిపోతాయి. మాంసం, గుడ్డు ముట్టక, పాలూ పెరుగూ కూడా మానేసిన తల్లికి బి12 చాలకపోవచ్చు. ఆ లోటు బిడ్డ ఎదుగుదల మీద పడుతుంది. డాక్టరుకి మీ తిండి సంగతి చెప్పండి.

మితిమీరితే

విటమిన్ డి పొడి పొట్లంలో సాధారణంగా 60,000 యూనిట్లుంటాయి. వారానికొకటి అని రాస్తే, పొరపాటున రోజూ పాలలో కలుపుకుని తాగేవాళ్లున్నారు! అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం మొదలై, చివరకు మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బిడ్డకూ ముప్పే. విటమిన్ ఎ కూడా ఒంట్లో నిలవుండిపోయేదే. బి6 మరీ ఎక్కువైతే పాలు తగ్గవచ్చు.

రెండు టానిక్కులు వాడుతున్నారా? సీసాల మీద చదవండి. ఒకే విటమిన్ రెండింట్లోనూ ఉండొచ్చు. మీరు మాత్రలు వేసుకుంటున్నారు కదా అని బిడ్డకు డాక్టరు రాసిన విటమిన్ డి చుక్కలు మాత్రం మానకండి. తల్లిపాలలో అది చాలా తక్కువ.

చిన్న చిట్కా: డి పొట్లం వేసుకున్న రోజున గోడమీది క్యాలెండరులో సున్నా చుట్టండి. మళ్లీ వారం వచ్చేదాకా దాని జోలికి పోనక్కర్లేదు.