ఖుర్ఆన్‌కు ముందటి గ్రంథాలు

సున్నీ ముస్లింల సంప్రదాయంలో విశ్వాసానికి, అంటే ఈమాన్‌కు, ఆరు మూలాంశాలు ఉండగా, దైవగ్రంథాలను నమ్మడం వాటిలో ఒకటి. ఆ నమ్మకం ఖుర్ఆన్ ఒక్కదానితో తీరేది కాదు. మూసా ప్రవక్తకు తౌరాతు, దావూదుకు జబూరు, ఈసాకు ఇంజీలు, ఇబ్రాహీముకు కొన్ని పత్రాలు దేవుని నుంచే అందాయని ఒప్పుకోవడం ముస్లింకు విధి, దేవుని గ్రంథాలను నిరాకరించినవాడు దారి తప్పినవాడని ఖుర్ఆన్ నాలుగవ సూరా, అంటే నాలుగవ అధ్యాయం, స్పష్టంగానే చెబుతుంది. తెలుగు క్రైస్తవులు మోషే, దావీదు, యేసు, అబ్రాహాము అని పిలిచేది వీరినే. యూదులను, క్రైస్తవులను ఖుర్ఆన్ ‘అహ్లె కితాబ్’, అంటే గ్రంథ ప్రజలు, అని ప్రత్యేకించి పేర్కొని, వారి ఆహారాన్ని తినడానికీ, వారి స్త్రీలను ముస్లిం పురుషులు వివాహమాడడానికీ అయిదవ సూరాలో అనుమతి ఇచ్చింది.

అయితే ఇస్లాం గౌరవించే ఇంజీలు, చర్చిలో చదివే సువార్తలు ఒకటేనా అన్న ప్రశ్న దగ్గర చిక్కు మొదలవుతుంది. ఇస్లాం దృష్టిలో దైవవాణి, అంటే వహీ, దేవుని నుంచి ప్రవక్తకు వస్తుంది, ప్రవక్త దానిని ఉన్నదున్నట్టు ప్రజలకు అందిస్తాడు. ఖుర్ఆన్ అలా వచ్చింది కాబట్టి ఇంజీలు కూడా ఈసాకు అలాగే అందిన ఒకే గ్రంథమై ఉండాలని ముస్లిం పండితులు భావించారు. క్రైస్తవుల చేతిలో ఉన్నవి మత్తయి, మార్కు, లూకా, యోహాను పేర్ల మీద నిలిచిన నాలుగు రచనలు, అవి యేసు బోధలతో పాటు ఆయన జీవితాన్ని, మరణాన్ని ఇతరులు చెప్పిన వృత్తాంతాలు. క్రైస్తవానికి ఇందులో లోపమేమీ కనిపించదు, ఎందుకంటే దేవుని వాక్కు యేసు రూపంలోనే లోకానికి వచ్చిందనీ, గ్రంథం ఆయనకు సాక్ష్యం చెబుతుందనీ ఆ మతం నమ్ముతుంది. రెండు మతాల మధ్య శతాబ్దాలుగా సాగిన వాదాలలో సగం, దైవగ్రంథమంటే ఏమిటన్న ఈ తేడాను ఎవరూ ముందుగా తేల్చుకోకపోవడం వల్లనే పుట్టాయనిపిస్తుంది.

ఖుర్ఆన్ వైఖరి కూడా ఒకే పార్శ్వంతో లేదు. తాను ముందటి గ్రంథాలను ధ్రువీకరిస్తున్నాననీ, వాటికి సంరక్షకుడి స్థానంలో ఉన్నాననీ చెప్పుకొంటూనే, తౌరాతులో మార్గదర్శనమూ వెలుగూ ఉన్నాయని మెచ్చుకుని, ఇంజీలు ప్రజలు తమ గ్రంథంలో దేవుడు అవతరింపజేసిన దాని ప్రకారమే తీర్పు చెప్పుకోవాలని అయిదవ సూరాలో ఆదేశిస్తుంది. అదే సూరాలో, గ్రంథ ప్రజలలో కొందరు మాటలను వాటి స్థానాల నుంచి తప్పిస్తున్నారనే ఆరోపణ కూడా ఉంది. తమ చేతులతో రాసి ఇది దేవుని నుంచి వచ్చిందని చెప్పేవారిని రెండవ సూరా హెచ్చరిస్తుంది. ఇలా మాటలను తప్పించడానికే శాస్త్ర పరిభాషలో ‘తహ్రీఫ్’ అని పేరు. మారింది గ్రంథంలోని అక్షరమా, లేక అక్షరం అలాగే ఉండగా చెప్పే అర్థమా అన్నది ఖుర్ఆన్ ఖరాఖండిగా తేల్చలేదు కాబట్టి, ఆ ఖాళీలోనే తరువాతి పండితుల చర్చ అంతా పెరిగింది.

ప్రవక్త ముహమ్మద్ మాటలను, చేతలను నమోదు చేసిన హదీసులలోనూ ఈ రెండు పాయలు కనిపిస్తాయి. వ్యభిచార నేరం మోపబడిన ఒక యూద జంట కేసు మదీనాలో ఆయన ముందుకు వచ్చినప్పుడు, తౌరాతు తెప్పించి చదివిస్తుండగా చదివే వ్యక్తి రాళ్లతో కొట్టి చంపే శిక్ష ఉన్న వాక్యం మీద చేయి అడ్డం పెట్టాడనీ, యూద మతం నుంచి ఇస్లాంలోకి వచ్చిన అబ్దుల్లా ఇబ్న్ సలామ్ ఆ చేయి తీయించాడనీ బుఖారీ సంకలనంలో ఉంది. ఈ కథనాన్ని శ్రద్ధగా చూస్తే వాక్యం పుటలోనే ఉంది, దాచడం మాత్రమే జరిగింది. మరోవైపు, ప్రవక్త సహచరుడు ఉమర్ తౌరాతు నుంచి రాసుకున్న భాగాన్ని చదువుతుంటే ప్రవక్త కోపగించారనీ, మూసా బతికి ఉన్నా తనను అనుసరించక తప్పదని అన్నారనీ మరొక హదీసు చెబుతుంది. సామాన్య ముస్లింకు మార్గదర్శకంగా నిలిచినది ఈ రెండింటికీ మధ్యనున్న మూడవ సూచన: గ్రంథ ప్రజలు తమ గ్రంథం నుంచి చెప్పేదానిని నమ్మనూ వద్దు, కాదననూ వద్దు.

తొలి శతాబ్దాల వ్యాఖ్యాతలు ఇబ్రాహీము, యూసుఫ్ వంటివారి కథలలోని ఖాళీలను పూరించుకోవడానికి యూద, క్రైస్తవ వర్గాల నుంచి వచ్చిన కథనాలను ధారాళంగానే వాడుకున్నారు; ‘ఇస్రాయీలియ్యాత్’ అనే ఈ కథనాలను ఏరివేయాలన్న పట్టుదల తరువాతి కాలపు పండితులది. అక్షరమే మారిందన్న వాదానికి పదునైన రూపం ఇచ్చినవాడు కార్దోబాకు చెందిన ఇబ్న్ హజ్మ్ (994–1064). తౌరాతులోని వంశావళులలో, జనాభా లెక్కలలో పొసగని అంకెలను ఆయన ఒక్కొక్కటిగా ఎత్తి చూపాడు, లూతు గురించీ ఇతర ప్రవక్తల గురించీ ఉన్న అపవిత్ర కథలు దైవవాక్కు కాలేవని వాదించాడు. ప్రవక్తలు ఘోర పాపాలు చేయరన్నది ఇస్లాంలో బలమైన నమ్మకం కాబట్టి ఈ రెండవ వాదం ముస్లిం పాఠకుల మనసుకు ఎక్కువగా పట్టింది. ఆ తీవ్రతకు ఆనాటి స్పెయిన్ రాజకీయాల నీడ కూడా ఉంది: గ్రెనడా రాజ్యంలో మంత్రి పదవిలో ఉన్న యూద పండితుడు సామ్యూల్ ఇబ్న్ నగ్రీలాతో ఆయనకు వాదోపవాదాలు నడిచాయి.

ఇందుకు పూర్తి భిన్నంగా, 15వ శతాబ్దపు కైరోలో అల్ బికాయీ (మరణం 1480) తన ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో బైబిలు నుంచి పొడవైన భాగాలను నేరుగా ఉదహరించాడు. ఖుర్ఆన్ క్లుప్తంగా సూచించే సంఘటనలను వివరించడానికి వదంతుల కంటే మూలగ్రంథమే మేలన్నది ఆయన తర్కం. దీనిపై పెద్ద దుమారం రేగితే, పూర్వగ్రంథాల నుంచి ఉదహరించడం ధర్మసమ్మతమేనని ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాయవలసి వచ్చింది.

ఈ వివాదం భారతదేశంలో జనం ముందుకు వచ్చింది 1854 ఏప్రిల్‌లో, ఆగ్రాలో. ‘మీజాన్ ఉల్ హఖ్’ అనే ప్రసిద్ధ గ్రంథం రాసిన జర్మన్ మిషనరీ ఫాండర్‌ను ముస్లిం పండితుడు రహ్మతుల్లా కైరానవీ బహిరంగ చర్చకు పిలిచాడు. అనుకున్న అంశాలలో రెండింటి మీదనే చర్చ సాగింది: కొత్త దైవాజ్ఞ పాతదానిని రద్దు చేయగలదా అన్న ‘నస్ఖ్’ ఒకటి, తహ్రీఫ్ రెండవది. కైరానవీ పక్షాన డాక్టర్ వజీర్ ఖాన్ ఉన్నాడు. ప్రాచీన ప్రతుల మధ్య తేడాల గురించి యూరప్ బైబిలు పండితులే రాసిన విమర్శను ఈ పక్షం ఆయుధంగా వాడుకుంది. ఫాండర్‌కు ఇది ఊహించని దెబ్బ. నకలు రాసినవారి పొరపాట్లు కొన్ని ఉన్నాయని ఒప్పుకుని, మూలసిద్ధాంతాలకు వాటివల్ల హాని లేదని ఆయన వాదించినా, ముస్లిం శ్రోతలు ఆ ఒప్పుకోలునే ఓటమిగా లెక్కగట్టారు. 1857 తిరుగుబాటు తరువాత మక్కాకు వెళ్లిపోయిన కైరానవీ 1864లో ఇస్తాంబుల్‌లో అరబ్బీ భాషలో వెలువరించిన ‘ఇజ్హారుల్ హఖ్’ ఆ వాదనలను ముస్లిం ప్రపంచమంతటికీ చేర్చింది.

అదే దశాబ్దంలో, అదే ఉత్తర భారతంలో, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ వేరే దారి పట్టాడు. ఘాజీపూర్‌లో 1862లో వెలువడడం మొదలైన ‘తబ్యీన్ అల్ కలామ్’ బైబిలు మీద ఒక ముస్లిం రాసిన వ్యాఖ్యానం. అందులో ఆయన తహ్రీఫ్ ప్రధానంగా అర్థం విషయంలోనే జరిగిందని అంటూ తొలి కాలపు ముస్లిం ప్రామాణికులను సాక్ష్యంగా నిలబెట్టాడు. ఆ రచన అసంపూర్తిగానే మిగిలింది, దానికి ముస్లింలలో గానీ క్రైస్తవులలో గానీ చదువరులు పెద్దగా దొరకలేదు. పోరాటానికి పనికొచ్చే పుస్తకానికి దొరికినంత ఆదరణ పోరాటాన్ని చల్లార్చే పుస్తకానికి ఆనాడు దొరకలేదు. కైరానవీ గ్రంథం ఎన్నో భాషలలోకి వెళ్లి నేటికీ మతచర్చలలో వినిపిస్తోంది.

2007 అక్టోబరులో 138 మంది ముస్లిం పండితులు పోప్‌తో సహా క్రైస్తవ మతనాయకులకు రాసిన ఒక బహిరంగ లేఖలో, దేవుని ప్రేమ, పొరుగువారి ప్రేమ రెండు మతాలకూ ఉమ్మడి భూమిక అని చూపడానికి ఖుర్ఆన్ వాక్యాల పక్కనే ద్వితీయోపదేశకాండం, మార్కు సువార్తలలోని వాక్యాలను ఉదహరించారు. సంతకాలు చేసినవారిలో ఎందరో తహ్రీఫ్ సిద్ధాంతాన్ని విడిచిపెట్టినవారు కారు. అయినా ఖుర్ఆన్ చెప్పే మాటకు అనుగుణంగా ఉన్న బైబిలు భాగాన్ని ప్రమాణంగా స్వీకరించడానికి వారికి ఆ సిద్ధాంతం అడ్డు రాలేదు.