కట్టు కట్టాక... కన్ను వేళ్ల మీద ఉంచండి!

జామచెట్టెక్కి జారిపడిన పిల్లాడు, బాత్‌రూమ్‌లో కాలు జారిన బామ్మ, మలుపులో బండి మీంచి పడ్డ కుర్రాడు... ఎవరికి దెబ్బ తగిలినా చుట్టూ చేరినవాళ్లు చేసేది దాదాపు ఒకటే. ఒకరు నూనె తెచ్చి మర్దన మొదలెడతారు. మరొకరు 'సర్దుకుంటుంది' అంటూ లాగి చూస్తారు. ఇంకొకరు గుడ్డ చింపి గట్టిగా బిగించేస్తారు. అందరిదీ మంచి మనసే! కానీ విరిగిన ఎముక మళ్లీ అతుక్కుంటుంది, రక్తం అందక చచ్చుబడిన కండరం మాత్రం తిరిగి రాదు. ఎముక దెబ్బల్లో ఇంట్లోవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే.

విరిగిందా... బెణికిందా?

'వేళ్లు కదులుతున్నాయిగా, ఏం విరగలేదులే!' అనేస్తుంటారు చాలామంది. అది నిజం కాదు. మణికట్టు దగ్గర ఎముక విరిగినా వేళ్లు కదలొచ్చు. వాటిని కదిలించేవి కండరాలు మరి! చూడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. ఎముక మీద ఒకేచోట తాకితే విపరీతమైన నొప్పి, త్వరత్వరగా పెరిగే వాపు, చెయ్యో కాలో వంకర తిరగడం, బరువు మోపలేకపోవడం... వీటిలో ఏది కనిపించినా విరిగిందనే అనుకుని జాగ్రత్తపడాలి. చిన్నపిల్లల ఎముకలు పచ్చికొమ్మల్లాంటివి. ఒకవైపు చిట్లి, రెండోవైపు వంగి ఊరుకుంటాయి. పైకి వంకర కనిపించకపోవచ్చు. పిల్లాడు ఆ చెయ్యి వాడటం మానేశాడంటే అదే పెద్ద గుర్తు.

కాలు మడతపడినప్పుడు ఎక్స్‌రే అవసరమా కాదా అన్నదానికి కెనడాలోని ఒటావా వైద్యులు 1992లో ఓ సులువైన పద్ధతి చెప్పారు. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచునో, కొసనో నొక్కితే నొప్పి ఉందా? నాలుగడుగులు వేయలేకపోతున్నారా? పాదం బయటి అంచున మధ్యలో ఉండే ఎముకనో, లోపలివైపు చీలమండకు కాస్త ముందుండే ఎముకనో నొక్కితే నొప్పెడుతోందా? ఏ ఒక్కదానికి 'అవును' అన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే.

లాగొద్దు... తోమొద్దు

భుజం కీలు జారితే సినిమాల్లోలా ఒక్క గుంజుతో ఎక్కించేయాలని చూడకూడదు. జారిన కీలు పక్కనే ఎముక కూడా విరిగి ఉండొచ్చు. నరాలు, రక్తనాళాలు అక్కడే ఉంటాయి. చెయ్యి ఎలా ఉంటే అలాగే దిండుతో ఆనించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మోచేతి దెబ్బకు మర్దన మరీ ప్రమాదం. బలంగా తోమితే కండరంలోనే ఎముక పేరుకుని మోచెయ్యి బిగుసుకుపోతుంది.

నాలుగేళ్లలోపు పిల్లల్ని ఒంటిచేత్తో పట్టుకుని పైకి లేపినప్పుడు మోచేతిలో చిన్న ఎముక పట్టు తప్పుతుంటుంది. పిల్లాడు ఏడ్చి, ఆ చెయ్యి వేలాడేసుకుని తిరుగుతాడు. డాక్టరు నిమిషంలో సరిచేసేస్తారు. చంకల కింద పట్టుకుని ఎత్తుకుంటే ఆ బాధే ఉండదు.

పాత పేపరు చాలు

దెబ్బ తగిలిన వెంటనే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయాలి. వాపు వచ్చాక అవి రావు సరికదా, వేలికి ఉరితాళ్లవుతాయి. తర్వాత కదలకుండా ఆధారం కట్టాలి. మందంగా మడిచిన దినపత్రిక, అట్టముక్క, స్కేలు... ఏదైనా సరే. దెబ్బకు పైనున్న కీలూ, కిందున్న కీలూ కదలకుండా ఉండాలన్నదే సూత్రం. వంకరను సరిచేసే ప్రయత్నం వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టొచ్చు. చర్మానికి నేరుగా ఆనించకూడదు. ఆపరేషన్‌ అవసరం కావొచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా కాఫీలూ టిఫిన్లూ పెట్టొద్దు.

బిగువే ముప్పు

జర్మనీ సర్జన్‌ రిచర్డ్‌ వాన్‌ వోక్‌మన్‌ 1881లోనే హెచ్చరించాడు. బిగుతు కట్టు కింద రక్తం అందక కండరాలు చచ్చుబడితే చెయ్యి గద్దగోరులా ముడుచుకుపోతుందని వివరించాడు. అలా బిగిసిపోయిన చేతిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మోచేతి పైభాగం విరిగిన పిల్లల్లో ఈ భయం మరీ ఎక్కువ. కట్టు లేకపోయినా లోపలి వాపే రక్తాన్ని ఆపేయొచ్చు. కొన్ని గంటల్లోనే నష్టం మొదలవుతుంది. ఆరేడు గంటలు దాటితే కోలుకోవడం కష్టం.

అందుకే కట్టు నాటుదైనా, ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టైనా వేళ్లను గమనిస్తుండాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎరుపు రావాలి. వేళ్లు చల్లబడటం, నీలంగానో పాలిపోయినట్టో మారడం, తిమ్మిరి, మందులకు లొంగని నొప్పి... ఇవన్నీ ప్రమాద ఘంటికలే. వేళ్లను మెల్లగా చాపితే కేక పెట్టేంత బాధ ఉంటే క్షణం ఆలస్యం చేయొద్దు. గుడ్డకట్టయితే వదులు చేయాలి. సిమెంటు కట్టయితే 'తెల్లారాక చూద్దాం' అనుకోకుండా ఆ రాత్రే వెళ్లాలి.

మన దగ్గర పుత్తూరు కట్టు పేరు తెలియనివాళ్లుండరు. బద్దలు కట్టి ఎముకను కదలనీయకపోవడమన్న సూత్రం తప్పేమీ కాదు. బ్రిటన్‌లో ఎముకల వైద్యానికి ఆద్యుడిగా చెప్పే హ్యూ ఓవెన్‌ థామస్‌ పుట్టిందీ కట్లు కట్టే కుటుంబంలోనే. ఆయన వైద్యవిద్య చదివి తయారుచేసిన కాలి పట్టీ మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన ఎందరో సైనికుల్ని కాపాడింది. ఎక్స్‌రే చూడకుండా, వేళ్లలో రక్తం ఆడుతోందో లేదో గమనించకుండా బిగించే కట్టుతోనే చిక్కంతా.

ఇవైతే ఆగొద్దు!

ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే లోపలికి నెట్టకూడదు. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్‌ చేయాలి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. తొడ ఎముక విరిగితే పైకి చుక్క కనిపించకపోయినా లోపల లీటరుకు పైగా రక్తం పోవచ్చు. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఆటోలో కుక్కేయకూడదు. అంబులెన్స్‌ వచ్చేదాకా కదలనీయకుండా చూడాలి. జారిపడిన పెద్దవాళ్ల కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగినట్టే అనుకోవాలి. 'ఈ వయసులో ఆపరేషనెందుకులే' అని మంచాన పడుకోబెడితే పుండ్లు, న్యుమోనియా చుట్టుముడతాయి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్‌ చేయిస్తే మళ్లీ నడిచే అవకాశం ఎక్కువ.

వైద్యం డాక్టరు పని. కట్టుతో ఇంటికొచ్చిన రాత్రి రెండు మూడుసార్లు లేచి లైటు వేసి, ఆ వేళ్లు వెచ్చగా ఉన్నాయో లేదో చూడటం మాత్రం ఇంట్లోవాళ్ల పనే!