ముందు ఆర్డరు... తర్వాతే యంత్రం!

చెక్కపని బాగా వచ్చు. ఏళ్ల తరబడి మేస్త్రీ దగ్గర కూలికి చేసి చేసి చెయ్యి తిరిగింది. ఇక ఎన్నాళ్లు ఇలా... సొంతంగా షెడ్డు వేసుకుంటే? అన్న ఆలోచన వచ్చింది. అమ్మ గాజులు బ్యాంకులో పెడితే లక్షన్నర చేతికొచ్చింది. మరి ఆ డబ్బుతో ముందుగా ఏం కొనాలి?

ప్రతి ఊళ్లోనూ ఏటా కొందరు కుర్రాళ్లు ఈ ప్రశ్న దగ్గర నిలబడుతుంటారు. పనిముట్ల దుకాణంలోకి అడుగుపెడితే అన్నీ కావాలనే అనిపిస్తుంది. కోసేదొకటి, చిత్రిక పట్టేదొకటి, అంచులు చెక్కేదొకటి... సగం కొనేసరికే డబ్బు అయిపోతుంది. షెడ్డులో మిషన్లుంటాయి, కొయ్య కొనడానికి చేతిలో పైసా ఉండదు. అప్పుడు యంత్రాలు ఖాళీగానూ, వడ్డీ జోరుగానూ నడుస్తాయి. ఆ పరిస్థితి రాకుండా ఉండాలంటే కొనుగోళ్లకు ఓ వరస ఉండాలి.

ఏం తయారుచేస్తారు?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. కొండపల్లి బొమ్మల కళాకారులను చూడండి. తేలికైన పొణుకు కర్రను ఉలి, ఆకురాయి లాంటి చేతి పనిముట్లతోనే రాజుగానో రైతుగానో మార్చేస్తారు. అదే ఏటికొప్పాకకు వెళితే అంకుడు కర్రను గుండ్రంగా తిప్పే లేత్ లేనిదే పని మొదలవదు. అది తిరుగుతుండగానే లక్క రంగు అద్దాలి. రెండూ చెక్కబొమ్మలే. కానీ ఒకరి పనిముట్లతో రెండోవారి పని జరగదు.

మన ఊళ్ల వడ్రంగానికీ అదే సూత్రం. గుమ్మాలు, తలుపులు, కిటికీలు చేస్తారా? అయితే గట్టి కొయ్యను నున్నగా తీసే పనిముట్లు ముఖ్యం. ప్లైవుడ్‌తో బీరువాలు, వంటింటి అరలు చేస్తారా? నిటారుగా కోసేది, రంధ్రాలు వేసేది, సన్‌మైకా అంచులు కత్తిరించేది చాలు. మంచాలు, కుర్చీలైతే అతుకుల పని ఎక్కువ. ఉలులు మంచివుండాలి. మొదటి ఏడాది వీటిలో ఏదో ఒక్కటి ఎంచుకుంటే పెట్టుబడి సగానికి సగం తగ్గుతుంది.

మొదటి పెట్టెలో...

కరెంటు పోయినా పనిచేసేవి ముందు కొనాలి. పావు, అర, ముప్పావు, అంగుళం... ఈ నాలుగు కొలతల్లో ఉలులు. ఒక చిత్రిక (కొన్నిచోట్ల రంద అంటారు). సన్నపళ్ల రంపం ఒకటి, ముతకపళ్లది ఒకటి. సుత్తి, కొయ్యసుత్తి, ఆకురాయి, స్క్రూడ్రైవర్లు. వీటితోపాటు చాలామంది చిన్నచూపు చూసేవి మూడున్నాయి.

ఒకటి, మూలమట్టం. అది ఒక్క పిసరు తేడాగా ఉన్నా తలుపు గుమ్మంలో కూర్చోదు. కొనేటప్పుడే పరీక్షించుకోవచ్చు. తిన్నని అంచుకు ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే సరైనదే. విడిపోయాయా... దుకాణంలోనే వదిలేయండి.

రెండోది సానరాయి. పదునులేని ఖరీదైన ఉలి కంటే పదునుపెట్టిన మామూలు ఉలి మేలు. మూడోది క్లాంపులు. జిగురు ఆరేదాకా చెక్కలను బిగించి పట్టుకునేవి ఇవే. ఎన్ని ఉన్నా చాలవంటారు పని తెలిసినవారు. అందుకే నాలుగింటితో మొదలుపెట్టి పనిపనికీ ఒకటి రెండు కలుపుకోవాలి.

కరెంటువి ఒక్కొక్కటిగా...

అన్ని రకాల పనుల్లోనూ అక్కరకొచ్చేది డ్రిల్లింగ్ మిషన్. మొదటి స్థానం దానిదే. రెండోది చేత్తో పట్టుకుని కోసే సర్క్యులర్ సా. ఏడంగుళాల బ్లేడుది అయితే మామూలు పనులకు సరిపోతుంది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ షీటును తిన్నగా కోయాలంటే పెద్ద టేబుల్ మిషన్ ఉండాల్సిందే అనుకుంటారు. కానీ తిన్నని అల్యూమినియం పట్టీని షీటు మీద రెండు క్లాంపులతో బిగించి, దాని అంచు వెంట రంపాన్ని నడిపిస్తే కోత తిన్నగానే వస్తుంది. బ్లేడు మాత్రం పనిని బట్టి మార్చాలి. కొయ్యను నిలువుగా కోయడానికి తక్కువ పళ్లది, ప్లైవుడ్ అంచు చిట్లకుండా ఉండటానికి ఎక్కువ పళ్లది వాడాలి.

మూడోది మీ పనిని బట్టి ఉంటుంది. ప్లైవుడ్ పనివారికి అంచులు కత్తిరించే ట్రిమ్మర్, గుమ్మాల పనివారికి కరెంటు చిత్రిక. నున్నగా రుద్దే సాండర్ తర్వాత కొనొచ్చు. టేబుల్ మిషన్లు, పెద్ద ప్లేనర్లు ఇంకా తర్వాతి మాట. పెద్ద మోటార్లకు త్రీఫేజ్ కరెంటు అవసరమవుతుంది. కనెక్షన్ ఖర్చు కూడా యంత్రం ధరలోనే లెక్కేసుకోవాలి.

కొనాలా... బయట కోయించాలా?

ఈ లెక్క కాగితం మీద వేసి చూడాలి. ఉదాహరణకు ఒక టేబుల్ మిషన్ 90 వేలు అనుకుందాం. బయట కోయిస్తే బీరువాకు 600 అవుతోంది. నెలకు ఐదు బీరువాలు చేస్తే కోత ఖర్చు 3 వేలు. అంటే మిషన్ డబ్బు తిరిగి రావడానికి 30 నెలలు. కరెంటు, బ్లేళ్లు, మరమ్మతులు దీనికి అదనం. అదే నెలకు 20 బీరువాల ఆర్డర్లుంటే? కోత ఖర్చు 12 వేలు. ఏడెనిమిది నెలల్లోనే మిషన్ తన ధర తాను రాబట్టుకుంటుంది. మీ ఊళ్లోని ధరలతో ఇదే లెక్క వేసుకోండి. ఏడాదిలోపు డబ్బు తిరిగొచ్చేలా ఉంటే కొనండి. లేదంటే బయట కోయించుకోవడమే లాభం.

దుంగలు కోసే బ్యాండ్ సా పెట్టాలనుకుంటే మాత్రం అటవీశాఖ అనుమతి తప్పనిసరి. కొత్తవాళ్లు డిపోలో కోసి పెట్టిన కొయ్యనే బిల్లుతో కొనుక్కోవడం క్షేమం.

లక్షన్నర... మూడు వాటాలు

చేతిలో ఉన్నది ఎంతైనా మూడు భాగాలు చేయాలి. ఒకటి పనిముట్లకు. ఒకటి కొయ్యకు, మేకులకు, జిగురుకు. మూడోది ఇంటి ఖర్చులకు. ఎందుకంటే మొదటి రెండు మూడు నెలలూ డబ్బు అనుకున్న రోజుకు రాదు. ఇంట్లో బియ్యం ఉంటేనే షెడ్డులో చెయ్యి వణకదు.

కొయ్య కొనేటప్పుడు కొలత తెలియాలి. పొడవును అడుగుల్లో, వెడల్పును, మందాన్ని అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఏడడుగుల పొడవు, ఐదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న చెక్కకు 105ను 144తో భాగిస్తే 0.73 ఘనపుటడుగు. డిపోవాళ్లు చెప్పిన అంకెను అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

పచ్చికొయ్యతో చేసిన తలుపు ఎండాకాలంలో బీటలిస్తుంది. పేరు పోయేది అక్కడే. ఫర్నిచర్‌కైతే తేమ 12 శాతం దగ్గరికో అంతకంటే తక్కువకో దిగాలి. తేమ చూపే మీటరు చిన్న పరికరమే. ప్లైవుడ్‌లో ఎంఆర్ రకం గాలిలో తేమను తట్టుకుంటుందే తప్ప నీళ్లను కాదు. సింకు కింది అరలకు ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగాలి.

సర్కారు సాయం

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా ఈ-వోచరు ఇచ్చేలా దాన్ని రూపొందించారు. హామీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది సరిగా తీరిస్తే రెండో విడతలో రెండు లక్షల వరకూ రుణం ఉంటుంది. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. ముద్ర లాంటి పథకాల్లో అప్పు తీసుకుని ఇంకా తీర్చనివారికి అవకాశం ఉండదు. అందుకే ఏది ముందు తీసుకోవాలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించుకోవాలి.

వేళ్లు జాగ్రత్త!

పనిముట్ల జాబితాలో చివరగా రాసినా ముందుగా కొనాల్సినవి కొన్నున్నాయి... కళ్లద్దాలు, చెవులకు మఫ్స్, ముక్కుకు మాస్క్. చెక్కపొడిని క్యాన్సర్ కారకాల్లో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ముక్కు, దాని చుట్టుపక్కల గదులకు ముప్పు ఎక్కువ. తిరిగే బ్లేడు దగ్గర చేతి తొడుగులు వేసుకోకూడదు. తువ్వాలు, వదులు చొక్కా పనికిరావు. గ్రైండింగ్ మిషన్‌కు రంపం బ్లేడు బిగించి కోయడం చాలాచోట్ల కనిపిస్తుంది. ఒక్కసారి ఎగిరిందంటే వేళ్లే పోతాయి. బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకడం అలవాటు చేసుకోవాలి.

దుకాణానికి వెళ్లేముందు ఒక నోట్‌బుక్ కొనండి. చేతిలో ఉన్న ఆర్డర్లు ఒక పేజీలో, వాటికి కావాల్సిన పనిముట్లు ఎదుటి పేజీలో రాయండి. ఎడమవైపు పేరు లేని పనిముట్టు కుడివైపు ఉంటే కొట్టేయండి. మిగిలినవే ఈ నెల కొనాల్సినవి. ఆ జాబితా చిన్నగా ఉంటే దిగులు పడక్కర్లేదు. అమ్మ గాజులు అంత తొందరగా ఇంటికొస్తాయి.